రోజూ నడుపుకోవడానికి సెకండ్ హ్యాండ్ సెడాన్: చూసి, విని, వాసన పట్టి ఎంచుకోవడం ఎలా

నేను మొదటిసారి కొన్న పాత సెడాన్ తళతళా మెరిసిపోయేది. కొత్త సీటు కవర్లు, కొత్త మ్యాట్లు, లోపల గుప్పుమనే సెంటు వాసన. కొన్న మూడో వారం టైరు పంక్చరైంది. డిక్కీలో కార్పెట్ ఎత్తి స్టెప్నీ బయటికి తీస్తే, ఆ గుంట అడుగున ఎండిపోయి పెచ్చులు లేచిన ఒండ్రు మట్టి కనిపించింది. ఆ కారు నీళ్లలో మునిగింది. ఆ సెంటు ఎందుకు కొట్టారో అప్పుడు అర్థమైంది. తర్వాత ఏడాదిపాటు ఒకరోజు పవర్ విండో, ఇంకోరోజు హారన్, మరోరోజు స్టార్టింగ్ ట్రబుల్. ఆ గుంటలోకి తొంగిచూడటానికి ఒక్క నిమిషం చాలు. ఆ నిమిషం నేను పెట్టలేదు.

రోజువారీ కారు పొద్దున్నే స్టార్ట్ అవ్వాలి, దారిలో ఆగకూడదు, నెల తిరిగేసరికి జేబు ఖాళీ చేయకూడదు. ఈ మూడూ మోడల్ పేరు మీద కంటే, ఇన్నాళ్లూ ఆ కారు ఎవరి చేతిలో ఎలా ఉందన్న దాని మీదే ఎక్కువ ఆధారపడతాయి. కాబట్టి మీరు వెతకాల్సింది బాగా చూసుకున్న కారు. కింద చెప్పే పనులన్నీ దాన్ని కనిపెట్టడానికే.

ముందు మీ అవసరం లెక్క వేసుకోండి

ప్రకటనలు చూడటం మొదలుపెట్టకముందే రోజుకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారో రాసుకోండి. ఉదాహరణకు రోజుకు 40 కిలోమీటర్లు, నెలకు 25 రోజులు అనుకుందాం. అంటే నెలకు 1,000 కిలోమీటర్లు. లీటరుకు 12 కిలోమీటర్లు ఇచ్చే కారు దాదాపు 83 లీటర్లు తాగుతుంది, 16 ఇచ్చే కారు 62 లీటర్ల చిల్లరతో సరిపెడుతుంది. ఏడాదికి తేడా 250 లీటర్లు. కొనేటప్పుడు బేరమాడి తగ్గించిన డబ్బు ఈ తేడాలోనే కరిగిపోవచ్చు. అందుకే కారు ధరతో పాటు ఈ లెక్క కూడా పక్కన ఉండాలి.

మీ తిరుగుడు ఎక్కువగా ఊళ్లోనే, ఐదారు కిలోమీటర్ల చొప్పున ఉంటే డీజిల్ జోలికి వెళ్లకండి. కొంచెం కొత్త తరం డీజిల్ కార్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. అందులో చేరిన మసి కాలిపోవాలంటే కారు ఆగకుండా కాసేపు మంచి వేగంతో నడవాలి, సైలెన్సర్ లైను బాగా వేడెక్కాలి. చిన్న ట్రిప్పుల్లో ఆ వేడి రాదు, ఫిల్టర్ మూసుకుపోతుంది. దాన్ని మార్చడం ఖరీదైన వ్యవహారం. రోజూ హైవే మీద ఎక్కువ దూరం తిరిగేవాళ్లకు డీజిల్ బాగానే ఉంటుంది.

గేర్ల సంగతి. మాన్యువల్ అయితే రిపేరు తేలిక, ఖర్చు తక్కువ. ఆటోమేటిక్ కావాలంటే అది ఏ రకమో తెలుసుకోండి. ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్లకు చేరవేసే టార్క్ కన్వర్టర్ రకం పాతదే, ఆయిల్ వేళకు మారిస్తే ఎక్కువ కాలం వస్తుంది. సీవీటీకి, అంటే గేర్ల మెట్లు లేకుండా బెల్టుతో నడిచే రకానికి, దానికి చెప్పిన ఆయిలే వాడాలి, వేరేది పోస్తే పాడవుతుంది. డ్రై క్లచ్‌లతో (ఆయిల్‌లో మునగనివి) వచ్చే డ్యూయల్ క్లచ్, అంటే రెండు క్లచ్‌ల గేర్ బాక్సులు ఆగుతూ సాగుతూ నడిచే ట్రాఫిక్‌లో వేడెక్కుతాయి. ‘ఈ గేర్ బాక్స్ ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదు’ అని ఎవరైనా అంటే నమ్మకండి. లక్ష కిలోమీటర్లు దాటిన ఆటోమేటిక్‌లో ఆయిల్ ఎప్పుడు మార్చారో తప్పకుండా అడగండి.

ఇక బడ్జెట్. చేతిలో ఉన్న డబ్బంతా కారు ధరకే పెట్టకండి. పదిహేను శాతం దాకా పక్కన పెట్టుకోండి. ఎంత మంచి పాత కారుకైనా మొదటి నెలల్లో టైర్లో, బ్యాటరీయో, బ్రేకులో ఏదో ఒకటి అడుగుతుంది.

ఏ కారు, ఎంత వయసుది

కొనేవాళ్ల మోజు ఎస్‌యూవీల వైపు మళ్లడం సెడాన్ వెతికేవాళ్లకు మేలే చేసింది. అదే డబ్బుకు సెడాన్‌లో తక్కువ వయసున్న కారు దొరికే అవకాశం ఎక్కువ. ఎత్తు తక్కువ కాబట్టి ఎదురుగాలి అడ్డు తక్కువ, మైలేజీ మెరుగు. సామాను డిక్కీలో విడిగా మూతబడి ఉంటుంది. అయితే కూర్చునే ఎత్తు కూడా తక్కువే. ఇంట్లో మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటే కారు చూడటానికి వాళ్లనూ తీసుకెళ్లండి. వెనక సీట్లో రెండుసార్లు ఎక్కి దిగమనండి. ఇది చాలామంది కొన్నాక గానీ గమనించరు.

కొత్త కారు విలువ మొదటి మూడేళ్లలోనే బాగా పడిపోతుంది, ఆ తర్వాత నెమ్మదిస్తుంది. అందుకని నాలుగు నుంచి ఏడేళ్ల మధ్య వయసున్నవి నాకు సరైనవిగా అనిపిస్తాయి. ఎక్కువ కాలంగా, ఎక్కువ సంఖ్యలో అమ్ముడైన మోడల్ అయితే స్పేర్ పార్టులు, తెలిసిన మెకానిక్కులు ఎక్కడైనా దొరుకుతారు. టయోటా కరోలా 1966 నుంచి, హోండా సివిక్ 1972 నుంచి తయారవుతూనే ఉన్నాయి. అలాంటివాటి మంచీ చెడూ మెకానిక్కులకు కంఠతా వచ్చు. అంతమాత్రాన పేరు చూసి ధీమా పడకూడదు. ఆయిల్ మార్చకుండా తోలిన కరోలా కంటే వేళకు సర్వీస్ చేయించిన మామూలు పేరున్న కారే నయం.

ఒకప్పటి ఖరీదైన లగ్జరీ సెడాన్ చవకగా దొరుకుతుందని టెంప్ట్ అవకండి. కారు ధర పడిపోతుంది గానీ దాని పార్టుల ధర పడిపోదు. ఎయిర్ సస్పెన్షన్ ఒక్కటి పోయినా చవకగా కొన్న ఆనందం ఆవిరైపోతుంది.

వెళ్లేముందు ఫోన్‌లోనే అడగాల్సినవి

ఎన్నాళ్ల నుంచి మీ దగ్గరుంది, ఎందుకు అమ్ముతున్నారు, సర్వీస్ బిల్లులు ఉన్నాయా, ఎక్కడైనా తగిలిందా? ఈ నాలుగూ సూటిగా అడగండి. జవాబు కంటే అది చెప్పే తీరు ముఖ్యం. నిజంగా వాడినవాళ్లు ‘ఎడమ డోరు గోడకు రాసుకుంటే పెయింట్ వేయించాను, క్లచ్ పోయినేడు మార్చాను’ అని వివరంగా చెబుతారు. ‘సింగిల్ హ్యాండ్ సార్, ఒక్క రూపాయి పని లేదు’ అన్న మాట దగ్గరే ఆగిపోయేవాళ్లకు ఆ కారు గురించి పెద్దగా తెలియదని అర్థం, లేదా చెప్పడం ఇష్టం లేదని అర్థం.

విన్ నంబరు, అంటే ఛాసిస్ నంబరు అడిగి తీసుకోండి. 1980ల నుంచి వచ్చిన కార్లలో అది 17 అక్షరాలు, అంకెలతో ఉంటుంది. అంకెలతో పొరబడకుండా ఐ, ఓ, క్యూ అక్షరాలు అందులో వాడరు. ఆ నంబరుతో కంపెనీ వెబ్‌సైట్‌లోనో, డీలరు దగ్గరో పెండింగ్ రీకాల్స్, అంటే లోపం సరిచేయడానికి కంపెనీ వెనక్కి పిలిచినా ఇంకా చేయించని పనులు, ఉన్నాయేమో చూడండి. ఇది లాంఛనం కోసం చెప్పడం లేదు. జపాన్ కంపెనీ టకాటా చేసిన ఎయిర్‌బ్యాగుల్లో గ్యాస్ పుట్టించే మందు ఏళ్ల తరబడి వేడికి, తేమకు చెడిపోయి, బ్యాగు తెరుచుకున్నప్పుడు లోహపు ముక్కలు మనుషుల మీదికి ఎగిరాయి, ప్రాణాలు పోయాయి. ఒక్క అమెరికాలోనే దాదాపు 6.7 కోట్ల టకాటా ఎయిర్‌బ్యాగులు రీకాల్ అయ్యాయి. మార్చకుండా చేతులు మారుతున్న పాత కార్లు ఇంకా ఉంటాయి. రీకాల్ పనిని మామూలుగా కంపెనీ ఉచితంగానే చేస్తుంది.

చివరగా ఒక మాట అడగండి: ‘నేను వచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయకండి.’ ఎందుకో కాసేపట్లో చెబుతాను.

పగటి వెలుగులో, పొడిగా ఉన్నప్పుడు

రాత్రిపూట, వానలో, అప్పుడే కడిగి తడిగా ఉన్నప్పుడు కారు చూడొద్దు. నీటి చుక్కలు గీతల్నీ సొట్టల్నీ దాచేస్తాయి.

ముందు నాలుగడుగులు దూరం నిలబడి చుట్టూ తిరగండి. డోరుకూ ఫెండరుకూ మధ్య సందు రెండు వైపులా ఒకేలా ఉందా? ఎండ వాలుగా పడేచోట ఒక ప్యానెల్ రంగు పక్కదానికి తేడాగా కనిపిస్తోందా? తర్వాత దగ్గరికెళ్లి బానెట్ ఎత్తి, ఫెండర్లను పట్టుకున్న బోల్టులు చూడండి. కంపెనీలో బిగించిన బోల్టు తలల మీద పెయింట్ చెదరకుండా ఉంటుంది. స్పానర్ పడితే అంచులు రాలిపోతాయి. డోరు బీడింగ్ కొంచెం లాగి కింద చూడండి. కంపెనీ వెల్డింగ్ చుక్కలు సమాన దూరంలో చిన్న గుంటల్లా ఉంటాయి. టింకరింగ్ జరిగినచోట అవి మాయమైపోతాయి, గజిబిజిగానైనా కనిపిస్తాయి.

గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం జేబులో పెట్టుకెళ్లండి. లప్పం ఎక్కువగా పూసిన చోట అది పట్టదు. (కొన్ని కార్లలో బానెట్ అల్యూమినియంతో, బంపర్లు ప్లాస్టిక్‌తో ఉంటాయి, అక్కడ ఎలాగూ పట్టదు.) పెయింట్ మందం కొలిచే మీటరు దొరికితే ఇంకా మంచిది. కంపెనీ పెయింట్ మామూలుగా 100 నుంచి 180 మైక్రాన్ల మధ్య ఉంటుంది. ఒకచోట అది వెయ్యి చూపిస్తే లోపల లప్పమే.

పెయింట్ పడిన ప్రతి కారూ చెడ్డది కాదు. ఊళ్లో తిరిగే కారుకు గీతలు పడతాయి, బంపర్లు రాసుకుంటాయి. చూడాల్సింది అసలు ఎముకలు దెబ్బతిన్నాయా అని. బానెట్ కింద రెండు పక్కలా ఉండే ఏప్రాన్లు (చక్రాల లోపలి వైపు రేకులు), ముందుకు చాచిన ఛాసిస్ దూలాలు, డోర్ల మధ్య పిల్లర్లు. వీటిలో ఎక్కడైనా మడత, కొత్త వెల్డింగ్, ముడుచుకున్న రేకు కనిపిస్తే ఎంత తక్కువకు ఇస్తానన్నా వదిలేయండి.

ఇక డిక్కీ. నేను తప్పు చేసిన చోటు కాబట్టి మీ చేత తప్పకుండా చేయించాలని ఉంది. సెడాన్‌కు వెనక నుంచి గుద్దుకున్నా, నీళ్లలో మునిగినా, ఆ గుర్తు దాగేది స్టెప్నీ గుంటలోనే. కార్పెట్ పూర్తిగా ఎత్తండి, స్టెప్నీ బయటికి తీయండి, ఫోన్ లైటు వేయండి. గుంట రేకు గుండ్రంగా నున్నగా ఉండాలి. అలల్లా ముడతలుంటే వెనక దెబ్బ తగిలి సుత్తితో సరిచేశారన్నమాట. అంచుల్లో వేలు పెట్టి రాయండి. సన్నటి మెత్తటి మట్టి వేలికి అంటితే అనుమానించండి. తడి మాత్రమే ఉంటే టెయిల్ ల్యాంప్ రబ్బరు పాడై వాన నీరు కారుతూ ఉండొచ్చు, అది చిన్న పనే.

మునిగిన కారని అనుమానం వస్తే సీటు బెల్టును చివరిదాకా, ఇంకా రానన్నంత వరకు లాగండి. సీట్లు కడుగుతారు, కార్పెట్లు మారుస్తారు, కానీ బెల్టు లోపలి చుట్టను ఎవరూ పట్టించుకోరు. అక్కడ నీటి చారిక, బూజు మచ్చ మిగిలిపోతాయి. సీటు కింద పట్టాల తుప్పు కూడా అదే కథ చెబుతుంది. లోపల సెంటు వాసన ఘాటుగా ఉంటే అద్దాలన్నీ ఎక్కించి, ఐదు నిమిషాలు బయట నిలబడి, మళ్లీ ఎక్కి ముక్కుతో చూడండి.

టైర్ల పక్కన డాట్ అన్న గుర్తుతో మొదలయ్యే వరస చివర నాలుగంకెలుంటాయి. 2321 అంటే 2021లో 23వ వారం తయారైందని. ఆరేళ్లు దాటినవైతే గాడులు లోతుగా ఉన్నా కొత్త టైర్ల ఖర్చు లెక్కలో వేసుకోండి. ఒక పక్కే అరిగితే అలైన్‌మెంట్‌లోనో సస్పెన్షన్‌లోనో తేడా ఉంది.

మీటరు తిప్పారేమోనన్న భయం అందరికీ ఉంటుంది. మీటరును మార్చగలరు గానీ, వాడకం వేసిన ముద్రల్ని మార్చడం కష్టం. బ్రేకు పెడల్ రబ్బరు, స్టీరింగ్ మీద చేతులు పడేచోటు, డ్రైవర్ సీటు బయటి అంచు చూడండి. మీటరు 35,000 చూపిస్తుంటే పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి ఉండకూడదు. పాత సర్వీస్ బిల్లుల మీద తేదీతో పాటు కిలోమీటర్లు ఉంటాయి, వాటిని వరసగా పేర్చుకుంటే అంకె ఎక్కడ వెనక్కి నడిచిందో తెలిసిపోతుంది.

చల్లటి ఇంజిన్ నిజం చెబుతుంది

వెళ్లగానే మాటల్లో పడకుండా బానెట్ మీద అరచేయి ఆనించండి. ఒకసారి నేను చెప్పిన టైముకు వెళ్తే బానెట్ వెచ్చగా తగిలింది. ‘ఇప్పుడే పెట్రోలు కొట్టించుకొచ్చాను’ అన్నారు. సరే, సాయంత్రం చల్లారాక వస్తానన్నాను. సాయంత్రం తాళం తిప్పితే నాలుగో ప్రయత్నానికి గానీ అందుకోలేదు, సైలెన్సర్ నుంచి నీలం పొగ చిన్న మబ్బులా లేచింది. వేడి మీదున్న ఇంజిన్ సగం జబ్బుల్ని దాచేస్తుంది. ఫోన్‌లో ఆ మాట అడగమన్నది అందుకే.

స్టార్ట్ చేయకముందే ఆయిల్ స్టిక్ తీసి చూడండి. నల్లబడిన ఆయిల్ ఫర్వాలేదు. స్టిక్ మీద గానీ మూత లోపల గానీ పాలు కలిసినట్టు మీగడ రంగు జిగురు ఉంటే ఆయిల్‌లోకి నీళ్లు చేరుతున్నాయి, ఇంజిన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే హెడ్ గాస్కెట్ పోయి ఉండొచ్చు. (చలి రోజుల్లో చిన్న ట్రిప్పులు తిరిగే కార్లకు మూత కింద కొంచెం అలా పట్టడం మామూలే, స్టిక్ కూడా చూసి నిర్ణయించుకోండి.) కూలెంట్ ట్యాంకులో తుప్పు రంగు నీళ్లుంటే కూలెంట్ బదులు కుళాయి నీళ్లు పోసి ఉండొచ్చు. కూలెంట్ మూతను ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు ఎట్టి పరిస్థితుల్లోనూ తిప్పకండి, ముఖం కాలుతుంది.

తాళం ఆన్ చేసి ఆగండి. చెక్ ఇంజిన్, ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ లైట్లు వెలిగి కాసేపటికి ఆరాలి. ఆరకపోతే లోపం. అసలు వెలగనే లేదంటే ఇంకా పెద్ద అనుమానం, లైటు కనిపించకుండా ఎవరో ఏదో చేసి ఉండొచ్చు. కారు కంప్యూటర్ నమోదు చేసిన లోపాల కోడ్లను చదివే చిన్న ఓబీడీ స్కానర్ ఒకటి కొనుక్కుంటే మంచి పెట్టుబడి. అమెరికాలో 1996 నుంచి, యూరప్‌లో పెట్రోల్ కార్లకు 2001 నుంచి ఓబీడీ సాకెట్ తప్పనిసరి. స్కానర్‌లో కోడ్లేమీ లేకుండా ‘మానిటర్లు రెడీ కాలేదు’ (కారు తనను తాను చేసుకునే పరీక్షలు ఇంకా పూర్తి కాలేదు) అని వస్తే, మీరొచ్చే ముందే ఎవరో కోడ్లు తుడిచేసి ఉండొచ్చు, బ్యాటరీ తీసి పెట్టినా అలా వస్తుంది. కారణం అడగండి.

ఇప్పుడు స్టార్ట్ చేయించి, మీరు వెనక నిలబడండి. చల్లటి వేళ తెల్లటి ఆవిరి వచ్చి పోతే ఏమీ కాదు. ఇంజిన్ వేడెక్కాక కూడా దట్టమైన తెల్ల పొగ వస్తుంటే కూలెంట్ కాలుతోంది. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది, మెకానిక్ భాషలో ఇంజిన్ బోరుకొస్తోంది. పెట్రోల్ కారులో నల్ల పొగ అంటే పెట్రోలు ఎక్కువ తాగుతోంది.

టైమింగ్ బెల్టు (పిస్టన్లూ వాల్వులూ లయ తప్పకుండా కదిలేలా చూసే బెల్టు) ఉన్న ఇంజిన్ అయితే అది ఎప్పుడు మార్చారో బిల్లు చూపించమనండి. చాలా ఇంజిన్లకు దాదాపు లక్ష కిలోమీటర్ల దగ్గర మార్చాలి. నడుస్తుండగా తెగితే చాలా రకాల ఇంజిన్లలో పిస్టన్లు వాల్వులను కొట్టి వంచేస్తాయి. బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్క వేసుకోండి.

నడిపి చూసేటప్పుడు

కాలనీ చుట్టూ ఒక రౌండు సరిపోదు. అరగంటైనా నడపాలి, ఊళ్లోనూ ఖాళీ రోడ్డులోనూ. పాటలు, ఏసీ ఆపేసి, పక్కనున్న అమ్మేవాళ్లను కాసేపు మాట్లాడొద్దని మర్యాదగా అడగండి.

ఖాళీ స్థలంలో స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పి నెమ్మదిగా గుండ్రంగా నడపండి. టకటకమని శబ్దం వస్తే చక్రాలను తిప్పే డ్రైవ్ షాఫ్టు జాయింట్లు అరిగాయి. గుంతల మీద, స్పీడ్ బ్రేకర్ల మీద డబడబ వినిపిస్తే సస్పెన్షన్ బుష్‌లు గానీ షాక్ అబ్జార్బర్లు గానీ అరిగి ఉండొచ్చు. వేగంతో పాటు పెరిగే హోరు వస్తుంటే వీల్ బేరింగ్ కావచ్చు, అరిగిన టైర్లు కూడా కావచ్చు. గట్టిగా బ్రేకు నొక్కినప్పుడు పెడల్ కాలికింద కొట్టుకుంటున్నట్టుంటే డిస్కులు చూపించాలి (మరీ గట్టిగా నొక్కితే ఏబీఎస్ పనిచేసినా అలాగే ఉంటుంది, అందుకని మామూలు ఒత్తిడితో కూడా చూడండి).

మాన్యువల్ అయితే నాలుగో గేరులో తక్కువ వేగం నుంచి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఆర్‌పీఎం (ఇంజిన్ తిరిగే వేగం) జివ్వున లేచి వేగం మాత్రం పెరగకపోతే క్లచ్ అయిపోయింది. ఆటోమేటిక్ అయితే బ్రేకు మీద కాలుంచి రివర్స్ నుంచి డ్రైవ్‌కు మార్చండి. రెండు మూడు సెకన్లు ఆలోచించి దభీమని కుదుపుతో పడితే ఆ గేర్ బాక్స్ మీకొద్దు.

తిరిగొచ్చాక ఏసీ వేసి, ఇంజిన్ ఆపకుండా పది నిమిషాలు నిలబెట్టండి. టెంపరేచర్ ముల్లు మధ్యలోనే నిలవాలి. రోజూ ట్రాఫిక్‌లో నిలబడేది మీరే కదా.

మెకానిక్, బేరం, కాగితాలు

మీకు ఇంతవరకు అంతా నచ్చితే, అప్పుడే మెకానిక్‌ను పిలవండి. అమ్మేవాళ్లు చూపించిన మెకానిక్ వద్దు. మీరు డబ్బిచ్చే, ఆ అమ్మకంతో సంబంధం లేని మనిషి కావాలి. కారును లిఫ్ట్ మీద ఎక్కించి అడుగు చూడాలి. సెడాన్లు నేలకు దగ్గరగా ఉంటాయి కాబట్టి ఆయిల్ సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) సొట్టలు, సైలెన్సర్ రాపిళ్లు, తుప్పు అక్కడే కనిపిస్తాయి. లిఫ్ట్ ఎక్కించడానికి అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే అక్కడితో మాట ముగించండి.

బేరం నోటిమాటగా ‘ఇంకొంచెం తగ్గించండి’ అంటే సాగదు. మెకానిక్ చెప్పినవి కాగితం మీద రాసి, ఒక్కోదానికి ఎంతవుతుందో వేసి, ఆ కాగితం ముందు పెట్టండి. నాలుగు టైర్లు, బ్రేకు ప్యాడ్లు, ఇంజిన్ మౌంట్ అని ఖర్చులు కళ్లెదుట ఉంటే మాట వేరుగా నడుస్తుంది. చాలామందిమి ఇక్కడ ఓడిపోయేది మొహమాటానికే. అరగంట నడిపాం, ఇంట్లో కూర్చోబెట్టి మర్యాద చేశారు, ఇప్పుడెలా వద్దంటాం అనుకుంటాం. వద్దనండి. వాళ్లకు మరో కొనేవాళ్లు దొరుకుతారు.

కాగితాల్లో మూడు విషయాలు. అమ్మేవాళ్ల పేరూ యజమాని పేరూ ఒకటేనా, కాగితంలోని ఛాసిస్ నంబరు కారు మీద చెక్కిన దానితో అక్షరం అక్షరం సరిపోతోందా, కారు మీద అప్పు మిగిలి ఉందా. ఇవి తేలకుండా అడ్వాన్స్ కూడా ఇవ్వొద్దు.

కొన్న మొదటి వారం

పాత యజమాని ఏం చెప్పినా ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్, ఏసీ ఫిల్టర్ మార్చేయండి. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ పెరిగితే దాని మరుగు వేడి తగ్గి, ఎక్కువగా బ్రేకులు వేసినప్పుడు పట్టు జారుతుంది. అందుకే చాలా కంపెనీలు రెండేళ్లకోసారి మార్చమంటాయి. ఎప్పుడు మార్చారో తెలియకపోతే ఇప్పుడే మార్చండి. కూలెంట్‌దీ అదే సంగతి. బ్యాటరీ మూడేళ్లు దాటి ఉంటే పరీక్ష చేయించండి.

డాష్‌బోర్డ్ అరలో ఒక చిన్న నోటు పుస్తకం పెట్టండి. మొదటి పేజీలో తేదీ, మీటరు మీది కిలోమీటర్లు, ఈ వారం ఏమేం మార్చారో రాయండి. పెట్రోలు కొట్టించిన ప్రతిసారీ లీటర్లు, కిలోమీటర్లు ఒక వరస రాయండి. మైలేజీ ఉన్నట్టుండి పడిపోతే ఆ వరసల్లోనే ముందు కనిపిస్తుంది. రేపు మీరు ఈ కారు అమ్మేటప్పుడు ఎవరైనా ఫోన్ చేసి సర్వీస్ రికార్డు ఉందా అని అడిగితే, ఆ పుస్తకం వాళ్ల చేతిలో పెట్టొచ్చు.